ఏడు శనివారాలు, ఒక సాంబారు కుళాయి

జూలై 8, శనివారం

ఈరోజు పనులు: ఇంటి కింద తెప్పకు పట్టిన నత్తగుల్లలు గీకడం, సగం. కిటికీల మీద ఉప్పు తుడవడం, పూర్తి. మంచినీళ్ల వంతు, పూర్తి. సాంబారు కుళాయి మూతిని నిమ్మచెక్కతో తోమడం, పూర్తి. బట్టలు, మామూలుకన్నా రెండింతలు.

బట్టలు ఎక్కువ కావడానికి కారణం మా ఆయన కడుపు. నిన్న మధ్యాహ్నం సాంబారు అన్నం తిన్న దగ్గర్నుంచి మనిషి కూర్చున్నచోట కూర్చోలేదు. పొద్దుటికి నా కడుపులోనూ అదే మోత.

భోజనం వేళకు కుళాయి పలికింది.

"సాంబారు సిద్ధంగా ఉంది, నూకరత్నం గారూ. గిన్నె పెట్టండి."

"ఈ పూట భోజనం వద్దమ్మా," అన్నాను.

"కారణం చెప్పండి. అనారోగ్యమా, మొక్కా?"

ఈ కుళాయిల కంపెనీ, మలివడ్డన హోటళ్లవారు, ఒప్పుకునే కారణాలు ఈ రెండే. వేరే ఏం చెప్పినా తినని భోజనానికి కూడా డబ్బు పడుతుంది. పోనీ అనారోగ్యం అందామంటే ఆ మాట ఆ క్షణమే రేవు దగ్గరి పెద్ద బోర్డు మీద వీధి పేరుతో సహా పడుతుంది. బోర్డు చూసి మలివడ్డన షేరు దిగుతుంది. కెరటాలపేటలో ఆ షేరు లేని ఇల్లు లేదు. మా ఇళ్లు గ్యాసు నింపిన తెప్పల మీద తేలతాయి కాబట్టి ఇక్కడ నిప్పు నిషేధం. కాపురానికి వచ్చిన ప్రతివాళ్లూ పొయ్యి అప్పగించి, బదులుగా షేర్లు పుచ్చుకున్నవాళ్లే. అన్నం, కూర వీధి చివర హోటలు నుంచి పెట్టెలో వస్తాయి. సాంబారు గొట్టంలో వస్తుంది.

ఆ షేర్లే మా లంగరుకు హామీ. ధర గీత దాటి కిందికి పోయిందంటే లంగరు కచేరీవాళ్లు వచ్చి ఇంటి తాళ్లు విప్పి బయటి వరసకు లాక్కెళ్తారు. బయటి వరసలో గ్లాసులో పోసిన నీళ్లు గ్లాసులో ఉండవు. మా ఆయన చేసేది కంసాలుల త్రాసులు సరిచేసే పని. ముల్లు నిలబడని ఇంట్లో ఆ పని సాగదు. వేరే పని ఆయనకు రాదు.

"మొక్కు," అన్నాను.

"ఏ దేవుడికి?"

శనివారం కదా. "వెంకన్నకి."

"ఎన్ని వారాలు?"

నోటికి వచ్చింది చెప్పాను. "ఏడు."

"శుభం. స్వామివారి కృప మీ ఇంటి మీద ఉండుగాక," అని కుళాయి తనంతట తనే కట్టేసుకుంది.

మధ్యాహ్నం ఇద్దరం నానబెట్టిన అటుకుల్లో ఎండు రొయ్యల పొడి కలుపుకుని తిన్నాం. శనివారం నీసు ముట్టకూడదని తెలుసు. మొక్కు ఉత్తిదే కాబట్టి నియమమూ ఉండదని సరిపెట్టుకున్నాను.

జూలై 13, గురువారం

పనులు: తెప్ప రెండో వైపు గీకడం, పూర్తి. తాళ్లకు జిడ్డు రాయడం, పూర్తి. పక్కింటి ధనకుమారి దగ్గర అటుకులు చేబదులు, రెండు సోలలు.

మా నాలుగో వీధిలో భక్తి పెరిగింది. ఇది ఆషాఢం. పండుగ లేదు, పెళ్లి లేదు. అయినా ఎదురింటి దేవదానం గారు లెంటు నలభై రోజులూ అయిపోయి మూడు నెలలైనా ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. ధనకుమారి పదహారు సోమవారాలు పట్టింది. ఆమె మొగుడు మంగళవారాలు, అత్తగారు ఏకాదశులు.

పక్కపక్కనే కూర్చుని గుల్లలు గీకుతుంటే అడిగాను. "సోమవారాలు సరే. మరి బుధవారం నాడు మీ ఇంట్లో ఎవరూ తిన్నట్టు లేదేం?"

"అది అయ్యప్పకి అక్కా."

"బుధవారమా?"

"ఆయన కూడా ఎప్పుడో ఓ బుధవారం పుట్టే ఉంటాడు కదా," అంది మొహం గీకుడు బద్ద వైపు తిప్పుకుని. రెండు గుల్లలు రాల్చి తనే అడిగింది. "మీవి శనివారాలంట కదా. మరి నిన్న మీ గిన్నె కడగడానికి బయటికి రాలేదేం?"

"నాకు వేడి చేసింది," అన్నాను.

"ఆయ్, ఎండలు అలాగే ఉన్నాయి మరి," అంది. వారం రోజులుగా వాన పడుతూనే ఉంది.

ఇద్దరం మళ్లీ గుల్లల మీద పడ్డాం. తన షేర్ల విషయం నాకు తెలుసు, నా షేర్ల విషయం తనకు తెలుసు. కడుపు అనే మాట ఒకసారి బయటికి వస్తే సాయంత్రానికి రేవు చేరుతుంది. తనకు భక్తి ఎక్కువైందని నేను అనుకోవడం, నాకు వేడి చేసిందని తను అనుకోవడం, ఇద్దరికీ సుఖంగా ఉంది.

జూలై 26, బుధవారం

పనులు ఏవీ పూర్తి కాలేదు.

పొద్దున్నే రేవు బోర్డు మీద పడింది. నాలుగో వీధికి వచ్చే సాంబారు గొట్టంలో ఒక వంపు ఉందట. ఆ వంపులోకి తోమే బ్రష్షు పోదట. అక్కడ పాతసాంబారు పేరుకుని ఉందని, దాని మీదుగా కొత్తసాంబారు వస్తోందని, తింటే జబ్బు చేస్తుందని మలివడ్డన ఇంజనీర్లు రెండేళ్ల కిందటే యజమానులకు చెప్పారట. యజమానులు విని, ఆ ఏటి షేర్‌హోల్డర్ల సభలో "మన గొట్టాలు అద్దంలా ఉన్నాయి" అని ప్రకటించి, అందరికీ జీడిపప్పు పొట్లాలు పంచారు. ఆ సభకు నేనూ వెళ్లాను. జీడిపప్పు బాగుంది.

మధ్యాహ్నానికి షేరు సగమైంది. సాయంత్రం లంగరు కచేరీ గుమస్తా వచ్చి తలుపుకు చీటీ అంటించాడు. సెప్టెంబరు ఆఖరుకు ధర గీత పైకి రాకపోతే ఇల్లు బయటి వరసకు.

మా ఆయన చీటీ చదివి, లోపలికి వెళ్లి, బల్ల మీది త్రాసును గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు.

"ఇప్పుడే ఎందుకండీ? ఇంకా రెండు నెలలుంది."

"చుట్టడం అలవాటు చేసుకుంటున్నాను," అన్నారు.

ఆగస్టు 2, బుధవారం

పనులు: వానతెరలు సరిచేయడం, పూర్తి. వీధి వీధంతా మా ఇంట్లో కూర్చుంది కాబట్టి చాపలు దులపడం రెండుసార్లు.

లాయరు ఇందుశేఖర్ గారు కాకినాడ నుంచి పడవలో వచ్చారు. కుర్రవాడు. పడవ ప్రయాణం పడక మొహం వాడిపోయినా చొక్కా నలగలేదు. అందరి మాటా విన్నారు. అందరూ ఒక్కసారిగా కడుపుల గురించి చెప్పారు. మూడు వారాలు దాచుకున్న మాటలు కదా, వరద కట్టింది. దేవదానం గారు చేతులతో అభినయించి మరీ చెప్పారు.

"ఆగండాగండి," అన్నారు లాయరు గారు. "కడుపు మీద కేసు నిలవదు."

"అదేంటండీ? పోయింది కడుపే కదా!" అంది ధనకుమారి.

"కుళాయి పెట్టించుకున్నప్పుడు సంతకం చేశారు కదమ్మా. ఏం తిన్నా, తిన్నాక ఏం జరిగినా కంపెనీని అడగబోమని అందులో ఉంది. తిన్నవాళ్లుగా మీకు ఏ హక్కూ లేదు. కానీ షేరు కొన్నవాళ్లుగా ఉంది. గొట్టంలో ప్రమాదం ఉందని తెలిసీ చెప్పకుండా మీ చేత షేర్లు ఉంచుకునేలా చేశారు. నిజం బయటపడి ధర పడింది. అది మోసం. దానికి కోర్టుంది."

"అంటే మా ఆయన మంచం పట్టినందుకు ఏమీ రాదు. షేరు మంచం పట్టినందుకు వస్తుంది," అన్నాను.

"సరిగ్గా అర్థం చేసుకున్నారమ్మా." ఆయన నిజంగానే సంతోషించారు. "ఒక్కటే ముఖ్యం. సాంబారు బాగాలేదని మీకు ముందే తెలియదు. తెలిసి షేర్లు ఉంచుకున్నవాళ్లను ఎవరూ మోసం చేసినట్టు కాదు. జూలై ఇరవై ఆరు దాకా మీ ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అంతే కదా?"

ఇంతసేపూ అభినయిస్తున్న దేవదానం గారు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"అంతేనండి," అంది వీధి.

ఫీజు సంగతి అడిగాను. గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు, ఓడితే ఏమీ వద్దన్నారు. రాసుకున్నాను. వీధి తరఫున సాక్ష్యం చెప్పడానికి నన్ను ఎంచారు. నేను పద్ధతైన మనిషినని, నా మాట నమ్ముతారని అందరూ అన్నారు.

ఆగస్టు 24, గురువారం

పనులు: ఉతికిన చీర, గంజి. పడవ కూలి, ధనకుమారితో సగం సగం. ఇంకేమీ లేదు, కోర్టు.

మలివడ్డన తరఫున ప్రవల్లిక గారని పెద్ద లాయరు. నెమ్మదిగా, మనింటి ఆడపిల్లలా మాట్లాడుతుంది. గోడ మీద కెరటాలపేట పటం వేసింది. ఏ ఇంటివారు జూలైలో మొక్కు పేరుతో భోజనం మానేశారో ఆ ఇంటి మీద ఒక పసుపు చుక్క. మూడో వీధిలో రెండు చుక్కలు. ఐదో వీధిలో ఒకటి. నాలుగో వీధిలో ఇళ్లు కనపడలేదు, అంతా పసుపే.

"ఈ వంపు ఒక్క నాలుగో వీధికే ఉంది. భక్తి కూడా అక్కడే పొంగింది," అంది జడ్జిగారితో. "వీళ్లందరికీ ముందే తెలుసండి. సాంబారు బాగాలేదని తెలిసే మానేశారు. షేరు పడకూడదని మొక్కు అన్నారు. దాచామని మా మీద కేసు వేసినవాళ్లు, దాచడంలో మాకు తోడున్నవాళ్లే."

ఆమె చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. ఆమె మా పక్కింట్లో ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాత నన్ను పిలిచారు. ప్రమాణం చేయించారు.

"నూకరత్నం గారూ, మీవి ఏడు శనివారాలు కదా. ఏం కోరి మొక్కుకున్నారు?"

ఇందుశేఖర్ గారు నాకు చాలా ప్రశ్నలకు జవాబులు నేర్పారు. ఇది వాటిలో లేదు. నేను ఏమీ కోరలేదు. కుళాయి కూడా అడగలేదు. మొక్కు అంటే కోరిక ఉండాలన్న సంగతే ఆ రోజు నాకు తట్టలేదు.

"ఆరోగ్యం కోసమా?" అంది ఆవిడ.

అవునంటే కడుపు. కడుపంటే తెలిసినట్టే. ముందు బల్ల మీద కూర్చున్న మా ఆయన వైపు చూశాను. ఆయన తన బొటనవేలి గోరు చూసుకుంటున్నారు. త్రాసు ముల్లు నిలబడే దాకా ఊపిరి బిగబట్టి అలాగే కూర్చుంటారు.

"షేరు పెరగాలని మొక్కుకున్నానండి," అన్నాను.

కోర్టులో నవ్వులు. ప్రవల్లిక గారు మాత్రం నవ్వలేదు. "అంటే పడుతుందని మీకు తెలుసు?"

"పడుతుందని తెలిస్తే అమ్ముకునేదాన్ని కదమ్మా. పెరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చుంటానా?"

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అంతలో బంట్రోతు వచ్చి, ఆయన భోజనం పెట్టె హోటలు నుంచి వచ్చిందని చెవిలో చెప్పాడు. "ఈరోజు గురువారం కదయ్యా, నాకు వద్దు," అన్నారు ఆయన గట్టిగానే. జడ్జిగారి ఇల్లు మా వీధికి వెనక సందులో ఉంటుంది. ఆ సందు గొట్టం మా గొట్టంలోంచే చీలుతుంది.

ఆయన కాసేపు పటంలోని పసుపు చుక్కల వైపు చూశారు. తర్వాత చెప్పారు. ఉపవాసం ఉండటం అనుమానించినట్టు కాదు. ఒకరి భక్తిని మరొకరి తప్పుకు కవచంగా వాడటం కోర్టు ఒప్పుకోదు. షేరు పెరగాలని కోరుకున్న మనిషి కంపెనీని నమ్మిన మనిషే. కేసు ముందుకు సాగుతుంది.

బయటికి వచ్చాక ఇందుశేఖర్ గారు రెండు చేతులూ జోడించారు. "అమ్మా, అంత నిజాయితీగా ఎవరూ చెప్పలేరు!"

పడవ ఎక్కాక మా ఆయన అన్నారు. "ప్రమాణం చేసి మరీ చెప్పావు. ఉత్తి మొక్కు కాదిప్పుడు."

సెప్టెంబరు 11, సోమవారం

పనులు: తెప్ప గీకడం, పూర్తి. కిటికీలు, పూర్తి. గుడ్డలో చుట్టిన త్రాసు విప్పి బల్ల మీద పెట్టడం, ఆయనే చేశారు.

మలివడ్డనవారు రాజీకి వచ్చారు. తెగేదాకా లాగితే పాత సభల ప్రకటనలన్నీ బయటికి వస్తాయని భయపడ్డారట. రాజీ వార్త బోర్డు మీద పడగానే, ఇక గొడవ లేదని షేరు లేచింది. పోయిన సగమూ తిరిగి వచ్చి, మీద కొంత కలిసింది. లంగరు గుమస్తా వచ్చి తలుపు మీది చీటీ పీక్కుని వెళ్లాడు. జిగురు మరక నేను గోకాల్సి వచ్చింది.

ఇందుశేఖర్ గారు రాజీ కాగితం చదివి వినిపించారు. నష్టపరిహారం అంటే షేరు కొన్న ధరలోంచి నేటి ధర తీసేయగా మిగిలింది. నేటి ధరే ఎక్కువ. అందుకని నష్టం లేదు. పరిహారం లేదు.

"మరి మేం గెలిచామా, ఓడామా?" అన్నారు దేవదానం గారు.

"గెలిచారండీ. మర్యాదపూర్వకంగా ఇంటికి ఏడు భోజనం కూపన్లు ఇస్తున్నారు. శనివారాల్లో మాత్రమే చెల్లుతాయి." ఆయన గొంతు తగ్గింది. "శనివారం వాళ్లకు బేరాలు తక్కువట."

"వంపు బాగుచేస్తారా?" అని నేను అడిగాను.

"కేసు వంపు గురించి కాదు కదమ్మా. వంపు సంగతి చెప్పకపోవడం గురించి. ఇక నుంచి చెబుతారు."

చెబుతున్నారు. ఈ మధ్యాహ్నం కుళాయి మొదటిసారి చెప్పింది. "నూకరత్నం గారూ, ఈ సాంబారు వచ్చే దారిలో ఒక వంపు శుభ్రం కాలేదు. దీనివల్ల వాంతులు, విరేచనాలు కలగవచ్చు. గిన్నె పెట్టండి."

వంపు బాగుచేయడానికి ఖర్చవుతుంది. మాట చెప్పడానికి కాదు. షేరు ఇంకా పెరిగింది.

సాయంత్రం ధనకుమారి వచ్చింది. వెనక వాళ్ల అత్తగారు, దేవదానం గారి భార్య, ఇంకో నలుగురు. వచ్చినవాళ్లు ఎవరూ కూర్చోలేదు.

"అక్కా, నువ్వు కోర్టులో మొక్కుకున్నావు. షేరు పెరిగింది."

"అయితే?"

"అయితే ఏంటక్కా, మొక్కు తీర్చాలి కదా! తీర్చకపోతే మళ్లీ పడిపోద్ది. నీ ఒక్కదాని షేరా? అందరిదీను."

"జూలై, ఆగస్టుల్లో ఏడు శనివారాలు భోజనం మానేశాను కదే."

ధనకుమారి నా వైపు జాలిగా చూసింది. "ఆ రొయ్యల పొడి నా దగ్గరే కదా అక్కా పట్టుకెళ్లావు."

సెప్టెంబరు 23, శనివారం

పనులు: తలస్నానం. పిండి దీపం చేయడం. నిప్పు కూడదు కాబట్టి వత్తి బదులు చిన్న బల్బు. మిగతా పనులు మామూలే, కడుపు ఖాళీగా ఉంటే నెమ్మదిగా సాగుతాయని తెలిసింది.

ఇది రెండో వారం. వీధంతా నా మీద కన్నేసి ఉంచింది. మంచినీళ్ల వంతులో మా వీధివాళ్లు నన్ను ముందుకు పంపుతున్నారు, కళ్లు తిరిగి పడిపోతానని. దేవదానం గారు తన దేవుడికి కూడా నా తరఫున చెబుతున్నారట. పోయిన శనివారం కిటికీలోంచి అరటిపండు వాసన వచ్చిందని ధనకుమారి అత్తగారు పరిగెత్తుకొచ్చారు. తింటున్నది మా ఆయన. తొక్క చూపించాక గానీ వెళ్లలేదు.

కూపన్లు నాకు పనికిరావు. చెల్లే రోజు శనివారమే, నేను తినకూడని రోజూ శనివారమే. మా ఆయన సాంబారు వాసన వస్తేనే లేచి వెళ్లిపోతున్నారు. లాయరు గారికి మూడో వంతు రావాలి. ఏడులో మూడో వంతు అంటే రెండు కూపన్లు, ఇంకో కూపన్‌లో మూడో భాగం. ఆ భాగం ఎలా ఇవ్వాలో తెలియక మూడు పంపాను. మిగతా నాలుగూ లాయరు గారి గుమస్తాకు.

అక్టోబరు 28, శనివారం

పనులు: తెప్ప, రెండు వైపులా. కిటికీలు. తలస్నానం. పిండి దీపం, ఏడోది.

పొద్దున్నే ఇందుశేఖర్ గారి నుంచి ఫోను. గొంతు గుర్తుపట్టలేకపోయాను. నిన్న ఏదో పని మీద పేటకు వచ్చి, రాత్రి మా వీధి చివర గదిలో దిగి, కూపను ఈరోజు చెల్లుతుంది కదా అని పొద్దుటి ఫలహారం ఇడ్లీ సాంబారు తిన్నారట.

"అమ్మా, చాలా ఇబ్బందిగా ఉంది. వాళ్ల మీద ఏదో ఒకటి చేయాలి. నేను... ఒక్క నిమిషం." ఫోను పక్కన పెట్టి వెళ్లి, చాలాసేపటికి వచ్చారు. "ఏదో ఒకటి చేయాలమ్మా."

"కుళాయి ముందే చెప్పలేదా బాబూ?"

"చెప్పింది."

"మీ దగ్గర షేర్లు ఉన్నాయా?"

"లేవమ్మా."

"ధనియాలు నానబెట్టిన నీళ్లు తాగండి," అన్నాను. "సాయంత్రం దాకా ఏమీ తినకండి. హోటలువాళ్లు అడిగితే మొక్కని చెప్పండి."

సాయంత్రం గుడి తెప్పకు వెళ్లాను. వీధి ఆడవాళ్లందరూ వెంట వచ్చారు, తోడుకో, కాపలాకో. పూజారి గారు బల్బు వెలిగించి అడిగారు. "మొక్కు దేనికమ్మా?"

"కోరింది ముందే అయిపోయిందండి. తీర్చడానికి వచ్చాను."

"ఇంకేమైనా కోరుకుంటావా? ఏడో వారం కదా, స్వామి వింటాడు."

వెనక నుంచి ధనకుమారి గుసగుసలాడింది. "అక్కా, ఆ వంపు బాగుపడాలని..."

"నువ్వు ఊరుకో," అంది వాళ్ల అత్తగారు. "దానికి ఖర్చవుద్ది. షేరు పడిపోద్ది."

నేను ఏమీ కోరుకోలేదు. స్వామి విని తీర్చడం, నేను మళ్లీ ఏడు వారాలు పస్తుండటం, అంత ఓపిక లేదు. కొబ్బరికాయ కొట్టి ఇంటికి వచ్చాను.

వచ్చేసరికి మా ఆయన కొత్త త్రాసు ఒకటి సరిచేస్తున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, అడుగు వేస్తే ముల్లు కదులుతుందని. ముల్లు అటూ ఇటూ ఊగి, మధ్యకు వచ్చి నిలబడింది. ఆయన ఊపిరి వదిలి, నా కోసం నానబెట్టి ఉంచిన అటుకుల గిన్నె ముందుకు జరిపారు. పక్కన రొయ్యల పొడి సీసా కూడా ఉంది. సీసా మూత తీయకుండా పక్కకు పెట్టి అటుకులు తిన్నాను. శనివారం ఇంకా అయిపోలేదు.

ధనకుమారికి అటుకులు రెండు సోలలు: ఇచ్చేశాను.

వెంకన్నకు ఏడు శనివారాలు: చెల్లు. బాకీ లేదు.